పుట్టగొడుగును గుర్తించు విధము



తొలకరి వానలు కురిసి యెండ కాసినంతనే పుట్టల చెంతను, గట్లమీదను, పశువుల బీళ్లలోను గొడుగులు మొలచుట మీరెల్లరు నెఱిగినదే. వీనిని ఏరి తెచ్చి కూర వండుకొనుట మన పల్లెలలో పూర్వమునుండి వచ్చుచున్న యాచారము. వెల లేకుండ లభించు మంచి యాహారమే యిది. కాని యొకే వానకు అన్నమైనదియు, విషమైనదియు గూడ మొలచును. కావున రెంటి లక్షణములను ఇచట వివరించుచున్నాము.

మనము తిను పుట్టగొడుగు చెదలతో పొత్తుగలది. 1942లో రోజర్ హైమ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీని జాతికి టెర్మిటోమైసిస్ అని పేరిడెను. చెదలు ఎండుటాకులను, పుల్లలను నమిలి పుట్టలోపల తేనెపట్టువంటి మెత్తని తోటలను గట్టును. ఈ బూజు వానిపై పెరిగి, ఆ పదార్థము చెదలకు జీర్ణమగునట్లు చేయును. వానకాలమున ఆ తోటనుండియే గొడుగు పైకి వచ్చును. మన్నును చీల్చుకొని రావలసినది గనుక దాని నడినెత్తిన గట్టి మొన యుండును. గొడుగు క్రింది పలుచని పొరలు కాడకు అంటక విడిగా నుండి, మొదట తెల్లగాను, ముదిరినపుడు లేత గులాబిరంగుగాను గన్పట్టును. కాడ నేలలోపల వేరువలె సన్నగిలుచు చెదల తోటవఱకు దిగియుండును. ఇదియే ముఖ్యమైన గుఱుతు. గుంపులుగా మొలచు చిన్నజాతికి మాత్ర మిట్టి పొడుగు వేరుండదు.

దీనిని పోలి మోసపుచ్చునది పచ్చపొరల గొడుగు. దీని శాస్త్రనామము క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. ఇది పచ్చికబీళ్లలో, ఒక్కొక్కప్పుడు వలయాకారముగ మొలచును. తెల్లని గొడుగుపై గోధుమరంగు పెచ్చులుండును. అవి నడుమ దట్టముగా నుండును. పెద్దది యడుగు వెడల్పు వఱకు పెరుగవచ్చును. కాడపై పైకిని క్రిందికిని జరుపదగిన కడియ ముండును. నేలలోనికి వేరు దిగదు. లేతదాని పొరలు తెల్లగానే యుండి, ముదిరినపిమ్మటనే పచ్చబాఱును. లేతవానిని కోయుటలోని యపాయ మిదియే. తిన్నవారికి కొలది గంటలలో వాంతులు, విరేచనములు తీవ్రముగా కలుగును.

సందేహ మున్నచో ఇట్లు పరీక్షింపుడు. విచ్చుకొన్న గొడుగు కాడను గోసివైచి, పొరలు క్రిందికుండునట్లు సగము తెలుపు, సగము నలుపుగల కాగితముపై నుంచి, గిన్నె బోర్లించి యొక రాత్రి యుంచవలెను. తెల్లవాఱుసరికి సన్నని పొడి రాలియుండును. పొడి పచ్చనైనను, తెల్లనైనను అది పుట్టగొడుగు కాదు, పాఱవేయుడు. గులాబిరంగు ఛాయ వచ్చినను అంతమాత్రమున నమ్మరాదు. ఏలయన ఆ రంగు పొడిగల విషజాతులును గలవు. పుట్ట, మొన, వేరు, పొడి—ఈ గుఱుతులన్నియు కలిసినపుడే, అదియు తెలిసిన పెద్దల కండ్లబడిన పిదపనే, వంటయింటికి జేర్పవలెను.

కూరలో వెండి బిళ్ల వేసినచో విషము నల్లబడుననియు, పురుగు తిన్నది మనుష్యునకు కీడుసేయదనియు గొందఱు చెప్పుదురు. ఇవి రెండును అసత్యములు. ఉడికించినంతమాత్రమున విషము పోవుననుటయు నట్టిదే. అమానిటా జాతిలోని ప్రాణాంతక విషము వంటవేడికి నశింపదు. ఆ విషము తిన్నవారికి ఆఱు గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె నెక్కువ గడచినగాని బాధ తెలియదు. వాంతులు తగ్గి నయమైనట్లు తోచినను, లోపల కాలేయము చెడుచుండును. కావున నాటు మందులతో కాలము పుచ్చక, మిగిలిన గొడుగు ముక్కనుగూడ తీసికొని వెంటనే ఆసుపత్రికి బోవలెను. తోడుగా భుజించినవారిని గూడ, బాధ లేకున్నను, తీసికొనిపోవలెను.

కడపట నొక మనవి. గొడుగుల కొఱకు పుట్టను గునపముతో త్రవ్వి తోటను పాడుచేయకుడు. తోట నిలిచియున్నచో మఱుసటి వానకాలమున నదేచోట మరల గొడుగులు మొలచును. సందియమున్న గొడుగును విడిచిన యింట ఒక పూట కూర తక్కువగును; అంతకుమించి నష్టము లేదని మా మాట.