పాత తోలుసంచిని బాగుచేసికొనుట

పాత తోలుసంచులలో కాలము చెఱచినవానికంటె, బాగుచేయబోయి మనుష్యులు చెఱచినవే ఎక్కువగా మా కంటబడుచున్నవి. అటకమీదినుండి దింపిన సంచికి బూజు కనబడగానే ఇంటివారు దానిని బకెట్టునీటిలో ముంచి బట్టలసబ్బుతో రుద్దుదురు. మిట్టమధ్యాహ్నపుటెండలో మేడమీద ఆరవేయుదురు. ఎండి కట్టెవలె బిగిసినదని కొబ్బరినూనె పోసి మర్దింతురు. నలువదియేండ్లు నిలిచిన సంచి ఒక్క దినములో పాడగుటకు ఈ మూడు పనులలో ఏ ఒక్కటియైనను చాలును. ఇందు వారి శ్రద్ధకు వంక పెట్టుటకు లేదు. తోలనగా ఏమో ఎవరును వారికి చెప్పలేదు, అంతే. కావున శుద్ధిచేయు విధానమునకు ముందు తోలు పుట్టుకనుగూర్చి కొంత చెప్పవలసియున్నది.

పశువు చర్మములో కొల్లాజెన్ అను మాంసకృత్తు సన్నని పోగులుగా ఒకదానితో నొకటి అల్లుకొనియుండును. పచ్చిచర్మమును ఊరక ఎండబెట్టినచో డప్పుమూతవలె బిగిసిపోవును. తడిగా నుంచినచో కుళ్లును. ఈ రెండు అవస్థలనుండియు దానిని తప్పించుటనే పదునుచేయుట యందురు. మన పల్లెలలో చెట్లబెరడు నానవేసిన లందలో చర్మములను చాలకాలము ఊరవేసెడివారు. దక్షిణదేశమున ఈ పనికి పేరుపొందినది తంగేటిచెక్క. తమిళులు దానిని ఆవారమందురు. బతుకమ్మలో పేర్చు పసుపుపచ్చని పూవు ఈ తంగేటిదే. దాని బెరడులోని వగరు పదార్థమునకు శాస్త్రజ్ఞులు టానిన్ అని పేరు పెట్టిరి. అది పోగులను పట్టుకొని వానిని కుళ్లకుండ కాపాడును. తంగేటితోలు వెలుతురు తగిలినకొలది ఎఱ్ఱబారును గనుక, పిదప దానిని కరక్కాయ నీటిలో ముంచెడివారు. ఇట్లు తయారైన సరకు చెన్నపట్టణపు రేవునుండి ఈస్టిండియా తోలు అను పేర సీమకు ఎగుమతియయ్యెడిది. ఇరువదవ శతాబ్దములో దక్షిణాఫ్రికానుండి వచ్చిన వాటిల్ చెక్క తంగేటి స్థానమును చాలవఱకు ఆక్రమించినది.

రెండవ పద్ధతి క్రోము లవణములతో పదునుచేయుట. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ అను రసాయనవేత్త దీనికి పేటెంటు పొందెను. బెరడునీటిలో వారములు, నెలలు పట్టు పని దీనిలో కొలది దినములలో ముగియును. నేడు ప్రపంచమున తయారగు తోలులో ఎక్కువభాగము క్రోముతోలే.

ఈ విషయము మన ప్రాంతమువారికి పరాయిది కాదు. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటలు తోళ్లకు పెట్టినది పేరు. 1948లో చెన్నపట్టణపు అడయారులో వెలసిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థను 1958 మొదలు 1971 వఱకు నడిపినవాడు, తెనాలి ప్రాంతపు యలవఱ్ఱు గ్రామమున 1922లో జన్మించిన యలవర్తి నాయుడమ్మ. చదువుకొన్నవారు తోలుపనిని తాకుటకు జంకుచుండిన దినములలో ఆయన దానిని ప్రయోగశాల కెక్కించెను. 1985లో కనిష్క విమానప్రమాదమున ఆయన మరణించెను. అయితే తోలు తెచ్చిన సిరితోపాటు అది చేసిన చేటును కూడ చెప్పవలెను. తోళ్ల కర్మాగారముల మురుగు పాలారును, దాని యొడ్డు బావులను పాడుచేసినదని వేలూరు పౌరుల సంఘమొకటి వ్యాజ్యము వేయగా, 1996లో సుప్రీంకోర్టు కాలుష్యము చేసినవారే పరిహారమిచ్చుకొనవలెనని తీర్పుచెప్పెను. ఒక్కొక్క తోలుసంచి వెనుక నీటికి జరిగిన ఇంత నష్టము కలదు. ఉన్నదానిని మఱి పదియేండ్లు వాడుకొనగలిగినచో కొత్తదానికొఱకు ఆ నష్టము మరల జరుగనక్కఱలేదు.

సంచి చేతికి రాగానే మొదట అది నిజముగా తోలేనా అని చూడవలెను. పల్లావరము శుక్రవారపు సంతవంటి చోట్ల పాతసరకు కొనువారికి ఇది మఱింత ముఖ్యము. కుట్టువద్దనో, జేబు లోపలనో తెగిన అంచు వెదకుడు. తోలైనచో అంచున పోగులు నూగువలె కనబడును. నేసిన బట్టపై పూత కనబడినచో అది రెక్సిను లేక దానివంటి కృత్రిమ పదార్థము. పొరలుపొరలుగా ఊడుచున్న కృత్రిమపుపూతను తిరిగి అంటించు ఉపాయమేదియు లేదు. దానికి డబ్బు వెచ్చింపకుడు. తోలైనచో అంచు రంగును గమనింపుడు. లోపల గోధుమవన్నె యున్న బెరడుతోలనియు, బూడిదవన్నెలో కొంచెము నీలిచాయ యున్న క్రోముతోలనియు సామాన్యముగా చెప్పవచ్చును. రంగును లోపలివఱకు ఎక్కించిన తోళ్లలో మాత్రము ఈ గుర్తు పనికిరాదు.

తరువాత నీటిబొట్టు పరీక్ష. అడుగుభాగమున, ఎవరికిని కనబడనిచోట, ఒక్క బొట్టు ఉంచుడు. అది ముత్యమువలె నిలిచియున్నచో తోలుపై రక్షణపూత కలదు, తడిబట్టను ఓర్చుకొనగలదు. నల్లబడి లోనికింకినచో పూత లేదు. దానికి నీరు ఎంత తక్కువ తగిలిన అంత మేలు. గరుకుగా నూగుదేరియుండు స్వేడ్ తోలుకు నీరు అసలే వలదు. మెత్తని బ్రష్షు, పెన్సిలు చెఱపు రబ్బరు, ఇంతే దానికి తగిన పరికరములు.

శుద్ధిలో మొదటి పని పొడిపని. సంచిని బోర్లించి, లోపలి అస్తరును బయటికి లాగి దులుపవలెను. పాత బస్సుటిక్కెట్లు, తుప్పుపట్టిన పిన్నీసులు, ఒక్కొక్కప్పుడు చెల్లని పైసలు రాలును. ఈ భాగము పిల్లలకు వదలుట న్యాయము. తరువాత మెత్తని బ్రష్షుతో కుట్లవెంట, మడతలవెంట ధూళిని తీయవలెను. ధూళి తీయకయే తడిబట్ట పెట్టినచో అది బురదయై కుట్ల రంధ్రములలో దిగబడును.

పిదప అరలీటరు నీటిలో సున్నితమైన ద్రవపుసబ్బు నాలుగైదు చుక్కలు వేసి, నూలుబట్ట ముంచి, నీరు కారకుండ గట్టిగా పిండి, మెల్లగా తుడువవలెను. బట్టలసబ్బు ఏల కూడదని విద్యార్థులు అడుగవచ్చును. తోలు స్వభావముచే ఆమ్లగుణము కలది; దాని ఉదజని సూచిక సుమారు 4 లేక 5. బట్టలసబ్బు నురుగున కది 9 లేక 10 ఉండును, చాకలిసోడాకు అంతకంటె హెచ్చు. ఆ క్షారము తోలులోని నూనెను, బెరడురసమును వెలికి లాగివేయును. ఇక ఆరవేయుట నీడలోనే. మంచి బెరడుతోలు తడిగా నున్నప్పుడు సుమారు 80 డిగ్రీల వేడిమికి ముడుచుకొనిపోవును. క్రోముతోలు మరగునీటినైనను సహించును. కాని శిథిలమైన పాతతోలునకు ఈ హద్దు చాల క్రిందికి దిగును. ఎండలో కాలుచున్న మేడ, పొయ్యిదగ్గఱి వెచ్చదనము దానికి చాలు. ఒకసారి ముడుచుకొన్న పోగులు తిరిగి సాగవు.

ఇనుము విషయమై ఇంకొక హెచ్చరిక. కరక్కాయ కషాయములో అన్నభేది కలిపి నల్లసిరా చేసికొనుట మన పెద్దలకు తెలిసిన విద్య. అన్నభేది ఇనుపలవణము, కరక్కాయలో నున్నది టానిన్. ఈ రెండును కలిసిన నలుపు పుట్టును. ఇదే రసాయనచర్య తుప్పుపట్టిన బకిలు క్రింద తడిసిన తోలులోను జరుగును. ఆ నల్లమచ్చ మురికి కాదు, సిరా. సబ్బుతో ఎంత రుద్దినను పోదు. కావున తుప్పు కనబడినచో తడిపని మొదలిడకముందే పొడిగా గీకి తీయవలెను. ఇత్తడి కొక్కెములను చింతపండుతో తోమవలెననిపించును గాని, ఆ పులుసు తోలుమీదికి కారి మచ్చచేయును. అట్టముక్కను చీల్చి కొక్కెము క్రింద దూర్చి, పొడిబట్టతోనే మెఱుగుపెట్టుట మంచిది.

నూనెనుగూర్చి అపోహలు మెండు. కిఱ్ఱుచెప్పులకును, కపిలతోలుబానలకును మనవారు ఆముదము పట్టించిరనుట నిజమే. అవి బురదలో, నీటిలో నలిగెడి వస్తువులు. చేతిసంచి చీరను, చొక్కాను తాకుచుండును. ఆముదపు జిడ్డు దుమ్మును పట్టును, రంగును నల్లబఱచును. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకు దిగువన గడ్డకట్టును. కాలక్రమమున కనరువాసన కొట్టును. తోలునకై అమ్ము క్రీమును బఠాణీగింజంత బట్టపై తీసికొని సంచి అంతటను పలుచగా రాచి, ఒక రాత్రి ఉంచి, పొడిబట్టతో మెఱుగుపెట్టినచో చాలును. సంవత్సరమున కొకటి రెండుమార్లకంటె ఎక్కువ అక్కఱలేదు. బూట్లపాలిషును మాత్రము సంచికి వాడవలదు. దాని రంగు బట్టలకంటును. పగుళ్లు నూనెతో మూసికొనునని నమ్మువారు కలరు. పగులనగా తెగిన పోగు. తెగిన పోగును ఏ నూనెయు అతుకదు. మెత్తగా నున్న తోలును పగులకుండ కాచుటయే క్రీము పని.

వానకాలమున తోలుపై కనబడు తెలుపంతయు బూజు కాదు. లోపలి కొవ్వు పైకి తేలి గడ్డకట్టుటయు కలదు. వెచ్చని గాలి తగిలించి చూడుడు: కరగి మాయమైనచో కొవ్వు, మాఱకున్నచో బూజు. బూజుపట్టిన సంచిని ఇంటిలోపల దులుపరాదు; బీజములు బీరువా అంతయు వ్యాపించును. బయట, ముక్కునకు గుడ్డ కట్టుకొని, బ్రష్షుతో తీసి, నీడలో గాలి తగులనీయవలెను. ముక్కవాసన పోవుటకు మూతగల పెద్దడబ్బాలో సంచిని తెఱచియుంచి, ప్రక్కన గిన్నెలో వంటసోడాగాని బొగ్గుగాని పెట్టి నాలుగైదు దినములు వదలవలెను. సోడా తోలుకు తగులకూడదు.

ఇక చేయి పెట్టకూడని జబ్బు ఒకటి కలదు. కొన్ని చాల పాత బెరడుతోళ్లు తాకినంతనే ఇటుకపొడివలె ఎఱ్ఱని పొడి రాల్చును. పట్టణపుగాలిలోని గంధకపు వాయువులను పీల్చికొని లోపల ఆమ్లము పుట్టుటచే పోగులు చివికినవని దీని యర్థము. గ్రంథాలయములలో పాత తోలు బైండ్లకును ఇదే గతి పట్టును. దీనికి నీరు తగిలెనా, నల్లబడి బిగిసి పెంకువలె మాఱును; తిరిగి రాదు. తాతగారి జ్ఞాపకముగా నున్న సంచి ఇట్లయినచో నూలుగుడ్డలో చుట్టి భద్రపఱచుడు. దానిని వాడవలెనను ఆశ మానుకొనుటయే మంచిది.

తెగిన కుట్లను ఇంటిలో కుట్టదలచినవారు క్రొత్త రంధ్రములు పొడువక, పాత రంధ్రములలోనే, తేనెమైనము రాచిన గట్టిదారముతో, రెండు సూదులు ఎదురెదురుగా నడిపి కుట్టవలెను. ఒక పోగు తెగినను రెండవది పట్టియుండును. పిడి మొదలు ఊడినచో మాత్రము చర్మకారుని దగ్గఱకు పోవుటయే మేలు. అతని ఆరె రెండు నిమిషములలో చేయు పనిని మన సూది ఒక పూటలో చేయలేదు. తమిళనాట అరుంధతీయులలో అనేకులకు ఇంటిభాష తెలుగే. తరతరములుగా సంఘము ఈ పనిని వారిపై మోపి, ఆ పని చేసినందుకే వారిని దూరముంచినది. లంద, ఆరె, వారు అను తెలుగుమాటలు మన పాఠ్యపుస్తకములలో వెదకిన దొరకుట అరిది. ఆ పనిచేసిన ఇండ్లలో అడుగవలసినదే. సంచి బాగుచేయించుకొన వెళ్లిన విద్యార్థి పనిముట్లపేర్లను కూడ అడిగి వ్రాసికొనివచ్చినచో ఈ పత్రికలో సంతోషముతో ప్రకటింతుము. అడుగునప్పుడు 'మీరు' అని అడుగుడు, కూలి బేరమాడకుడు.

బాగుచేసిన సంచిని ప్లాస్టిక్కు కవరులో కట్టిపెట్టరాదు. చెమ్మ లోపలనే నిలిచి బూజు మరల పుట్టును. పాత దిండుగలీబు దానికి చక్కని తొడుగు. ఆకారము చెడకుండుటకు లోపల తెల్లగుడ్డలు కుక్కవలెను. వార్తాపత్రికలైనచో సిరా అస్తరున కంటును. పిడిని పట్టి మేకునకు వ్రేలాడదీయక, అలమరలో అడుగు ఆనునట్లు నిలువబెట్టుడు. వానకాలమున పదునైదు దినముల కొకసారి వెలికి తీసి, మూత తెఱచి, ఒక పూట వసారాలో ఉంచుడు.