మూతితో మేసే తుపాకీ

వేట తుపాకుల ప్రస్తావన వస్తే ముందు గుర్తొచ్చేది వేటగాడు జిమ్ కార్బెట్ రిగ్బీ రైఫిల్. 1907లో చంపావత్ నరభక్షక పులిని చంపినందుకు దాన్ని ఆయనకు బహుమతిగా ఇచ్చారు. ఎవరికి, ఎందుకు ఇచ్చారో చెక్కిన వెండి రేకు దాని కర్ర మీద ఇప్పటికీ ఉంది. మన విశాఖ మన్యంలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన తుపాకీకి రేకూ లేదు, కంపెనీ పేరూ లేదు. అందరూ అనేది ఒకటే: నాటు తుపాకీ. చింతపల్లి, పాడేరు కొండల్లో దాని చరిత్ర తెలుసుకుంటే కార్బెట్ తుపాకీ కంటే ఇదే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

దీనికి తూటా ఉండదు. మందు, గుడ్డపీలిక, గుండు అన్నీ గొట్టం మూతి నుంచే వెళ్ళాలి. ఇనుప కడ్డీతో దట్టించాలి. వెనక చిన్న బొడిపె మీద రాగి టోపీ పెడతారు. మీట నొక్కితే సుత్తి ఆ టోపీ మీద పడుతుంది, నిప్పురవ్వ సన్నటి బెజ్జంలోంచి లోపలి మందును అంటిస్తుంది. పేలగానే తెల్లటి పొగ. ఎదుట ఉన్నది పడిందో పారిపోయిందో పొగ తొలగేదాకా తెలియదు. తప్పితే మళ్ళీ కూరుకునే వ్యవధి అడవిపంది ఇవ్వదు. కాబట్టి చోడిచేను పక్కన మంచె మీద కూర్చున్నవాడికి ఉన్నది ఒక్క దెబ్బే.

ఇంత పొగ ఎందుకంటే, తుపాకీమందు కాలాక సగానికి పైగా వాయువు కాకుండా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత పొగై బయటికి పోతుంది, మిగతాది మసిగా గొట్టానికి పట్టుకుంటుంది. ఆ మసిలోని లవణాలు గాలిలోని తేమను లాగి ఇనుమును తినేస్తాయి. పేల్చిన రోజే నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయకపోతే తుపాకీ పాడైనట్టే. సముద్రపు గాలికి గేటు చువ్వలు ఎలా పొరలు లేస్తాయో చూస్తున్న విశాఖవాసులకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తుపాకీ మీద మమకారం అంటామే, అందులో సగం ఈ చాకిరీయే.

ఆ రాగి టోపీ వెనక బాతుల వేట ఉంది. అంతకుముందు తుపాకుల్లో చెకుముకి రాయి ఉండేది. రాయి రాసుకుని ముందు బయట పళ్ళెంలోని మందు భగ్గుమనేది, ఆ తరవాతే గొట్టంలోది పేలేది. ఆ రెప్పపాటు మెరుపు చూసి నీటిపక్షులు తప్పించుకునేవి. స్కాట్లాండ్‌లో అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే చర్చి గురువుకు వేట పిచ్చి. ఆయనకు ఇది సహించలేదు. దెబ్బ తగిలితే చాలు పేలే రసాయనాన్ని వాడి 1807లో పేటెంట్ తీసుకున్నాడు. తరవాత పదిహేను, ఇరవై ఏళ్ళలో అది రాగి టోపీ రూపానికి వచ్చింది. బాతుల మీద కోపంతో పుట్టిన ఉపాయం సైన్యాలకు ఎక్కి, 1853 ఎన్‌ఫీల్డ్ రూపంలో మన సిపాయిల చేతికొచ్చింది. 1857లో కొవ్వు పూసిన తూటాల గొడవ ఆ తుపాకీదే.

ఎన్‌ఫీల్డ్ గొట్టం లోపల మెలికలు తిరిగే మూడు గాడులుంటాయి. వాటి వల్ల గుండు బొంగరంలా తిరుగుతూ దారి తప్పకుండా వెళుతుంది. రైఫిల్ అనే పేరు ఆ గాడులను బట్టి వచ్చిందే. నాటు తుపాకీ గొట్టం నున్నగా ఉంటుంది, గుండు తిరగదు. యాభై గజాలు దాటితే గురి మీద ఆశ వదులుకోవాల్సిందే. మరి ఇంత వెనకబడ్డ యంత్రం ఇంతకాలం ఎలా బతికింది?

తిండి వల్ల. 1878 ఆయుధాల చట్టం తరవాత లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకోవడమే నేరమైంది. లైసెన్సున్నా సైన్యం తూటా పట్టే తుపాకీ మామూలువాళ్ళ దగ్గర ఉండకూడదని తెల్లదొరల భయం. 1907 ప్రాంతంలో .450 తూటాలను ఇండియాలోకి రానివ్వలేదు. ఇంగ్లండ్ కంపెనీలు వేటగాళ్ళ కోసం .470 లాంటి కొత్త కొలతలు తయారుచేసుకోవాల్సి వచ్చింది. త్రీనాట్‌త్రీ సర్కారుదైతే, వేటగాడికి .315 మిగిలింది. ఇషాపూర్ ఫ్యాక్టరీ వేట రైఫిల్‌కు ఆ వింత కొలత ఉన్నది అందుకే. ఆ తూటా కావాలన్నా దుకాణానికి, లైసెన్సు పుస్తకానికి మొక్కాలి.

మన్యం తిరుగుబాటునే చూడండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డాడు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయంటారు. లెక్కేస్తే తుపాకీకి దాదాపు వంద. అవి అయిపోతే? కమ్మరి కొలిమిలో అలాంటి తూటా తయారు కాదు. నాటు తుపాకీకి అంత బెంగ లేదు. రాగి టోపీకి తోడు సురేకారం, గంధకం, బొగ్గు, ఇంత సీసం ఉంటే దాని కడుపు నిండుతుంది. ఆక్సిజన్ సురేకారంలోనే ఉండటంతో మూసిన గొట్టంలోనూ మందు మండుతుంది. గురిలో ఓడిపోయిన తుపాకీ స్వయంపోషణలో గెలిచిందని నా లెక్క.

మెచ్చుకోవాల్సింది యంత్రాన్ని, వేటను కాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నిషిద్ధం. చైత్రంలో ఇటుకల పండగకు మన్యం మగవాళ్ళు ఇంకా వేటకని బయల్దేరతారు, ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఆటపట్టిస్తారు. ఈ కాలంలో పేడనీళ్ళ పక్షమే నాది. అయితే 1959 ఆయుధాల చట్టం పంట కాపలా కోసం మూతి నుంచి కూరే తుపాకీని ప్రత్యేకంగా పేర్కొని, లైసెన్సుకు వీలు ఉంచింది.

మీ ఇంటి అటక మీద తాతగారి నాటు తుపాకీ ఉందా? గోడకు తగిలిద్దామనో, పిల్లలకు చూపిద్దామనో దాన్ని కదపకండి. మూతిలోకి తొంగిచూడకండి, మీట నొక్కకండి. స్టేషనుకు కబురు చేయండి, తెలిసినవాళ్ళే వచ్చి తీసుకెళతారు. తడి తగలని తుపాకీమందుకు ముసలితనం లేదు. తాతగారు ఏ రాత్రో పందికోసం కూరి, పేల్చకుండా వదిలేసిన మందు ఇంకా గొట్టంలోనే ఉండవచ్చు.