‘ఎంతొచ్చింది?’

అపోహ: కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో సిమిలారిటీ పది శాతం లోపుంటే పేపరు సొంతమే.

వాస్తవం: థీసిస్ సమర్పించే రోజుల్లో స్కాలర్లు ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న ‘ఎంతొచ్చింది?’ జ్వరం సంగతి అడిగినట్టే ఉంటుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కానీ సాఫ్ట్‌వేర్ చూసేది మాటల పోలికనే. చెయ్యని ప్రయోగానికి గ్రాఫు గీసి, సొంత వాక్యాల్లో రాస్తే దానికి ఏ తప్పూ కనపడదు. బెల్ ల్యాబ్స్ పరిశోధకుడు యాన్ హెండ్రిక్ షోన్ 2002లో వాక్యాల వల్ల దొరకలేదు. వేర్వేరు ప్రయోగాలవన్న గ్రాఫుల్లో గీతల వణుకు కూడా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండటంతో దొరికాడు. ముడి డేటా ఏదంటే, కంప్యూటర్లో జాగా చాలక చెరిపేశానన్నాడు.

అపోహ: మాటలు మార్చేస్తే కాపీ కాదు.

వాస్తవం: ఆలోచన ఎవరిదో చెప్పకపోతే మాటలు మార్చినా చౌర్యమే. పైగా మార్చే పని యంత్రానికి అప్పగిస్తే నవ్వులపాలు. 2021లో గియోమ్ కబనాక్, సిరిల్ లబ్బే, అలెగ్జాండర్ మగజినోవ్ అలాంటి పేపర్లను బయటపెట్టారు. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ కాస్తా ‘కౌంటర్‌ఫీట్ కాన్షియస్‌నెస్’ అయి కూర్చుంది. మన భాషలో కృత్రిమ మేధను ‘దొంగ స్పృహ’ అన్నట్టు! సమీక్షకుల కళ్లు దాటి అవి అచ్చయ్యాయి కూడా.

అపోహ: పెద్ద ప్రచురణ సంస్థ వేస్తే నమ్మొచ్చు.

వాస్తవం: ఎంఐటీ విద్యార్థులు ముగ్గురు 2005లో సరదాకి రాసిన సైజెన్ అనే ప్రోగ్రాం అర్థంలేని కంప్యూటర్ సైన్స్ పేపర్లు అల్లుతుంది. అలాంటివి 120కి పైగా తమ ప్రచురణల్లోనే ఉన్నాయని తెలిసి, 2014లో స్ప్రింగర్, ఐట్రిపుల్‌ఈ తొలగించాల్సి వచ్చింది. 2023లో హిందావి అనే ప్రచురణ సంస్థ ఉపసంహరించిన పేపర్లు 8,000 పైచిలుకు. మన హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థదైతే వేరే కథ: సమీక్ష విషయంలో రచయితలను మోసగించిందంటూ 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

అపోహ: పని చెయ్యకపోయినా హెచ్‌ఓడీ పేరు పెట్టడం మర్యాద.

వాస్తవం: ఆ మర్యాదకు కృతజ్ఞతల పేజీ ఉంది. రచయితగా పేరు పెట్టుకుంటే లోపలి ఫలితాలకు బాధ్యత వహించినట్టే. షోన్ సహరచయితలు మోసం చెయ్యలేదని విచారణ సంఘం తేల్చింది. అయితే అత్యంత ముఖ్యమైన ఆ ప్రయోగాలను వాళ్లలో ఒక్కరూ కళ్లారా చూడలేదని కూడా నివేదికలో రాసింది.