పాఠం అరచేతిలో ఉంది, దిద్దేవారేరీ?

ఉద్యోగానికి పనికొచ్చే నైపుణ్యాలను ఇంటర్నెట్ ద్వారా నేర్పే శిక్షణ కార్యక్రమాలు ఇంజినీరింగ్ విద్యార్థి మొదలుకొని ఏళ్ల తరబడి అనుభవమున్న అకౌంటెంటు దాకా అందరి ఫోన్లలోకీ చేరాయి. డేటా విశ్లేషణ, ప్రాజెక్టు నిర్వహణ, డిజిటల్ మార్కెటింగ్, ఆంగ్ల సంభాషణ, బృందాన్ని నడిపే తీరు వంటి అంశాల్లో ఒకప్పుడు పెద్ద సంస్థల ఉద్యోగులకే అందిన పాఠాలు ఇప్పుడు ఉచితంగానో, కొద్దిపాటి రుసుముకో దొరుకుతున్నాయి. అయితే పాఠం దొరికినంత మాత్రాన పని వచ్చినట్లు కాదు. పాఠాలు చౌకయిన కొద్దీ, నేర్చుకునేవారు చేసిన పనిని చూసి, తప్పెక్కడుందో చెప్పి, మళ్లీ చేయించే మనిషి అరుదవుతున్నారు. కాబట్టి ఒక కార్యక్రమం విలువను వీడియోల సంఖ్యతోనో, ధ్రువపత్రం మీది ముద్రతోనో కాక, అందులో జరిగే దిద్దుబాటుతోనే కొలవాలి.

తపాలా రోజుల నుంచి

దూరం నుంచి వృత్తి నైపుణ్యం నేర్పడం ఇంటర్నెట్‌తో మొదలైన పని కాదు. 1840లో ఇంగ్లండులో ఐజాక్ పిట్‌మన్ తన షార్ట్‌హ్యాండ్ పద్ధతిని తపాలా ద్వారా నేర్పినప్పుడు, విద్యార్థులు రాసి పంపిన అభ్యాసాలను దిద్ది తిప్పి పంపడమే ఆ బోధనకు ప్రాణంగా ఉండేది. అదే షార్ట్‌హ్యాండు, దానికి తోడు టైపురైటింగు తరువాతి కాలంలో తెలుగు పట్టణాల్లో వీధికో ఇన్‌స్టిట్యూటుగా వెలిశాయి. లోయర్, హయ్యర్ పరీక్షలకు కట్టినవారు రోజూ తమకు కేటాయించిన గంటలో మిషను ముందు కూర్చొని, కొట్టిన కాగితాన్ని మాస్టారికి చూపి, తప్పులు లెక్కపెట్టించుకొని, మరునాడు అదే పాఠాన్ని మళ్లీ కొట్టేవారు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగు నేల మీదే ఏర్పడింది. నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్న ఆ సంస్థ కూడా ముద్రిత పాఠాలతో సరిపెట్టక అధ్యయన కేంద్రాల్లో ముఖాముఖి తరగతులు నడిపింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల వెల్లువలో హైదరాబాద్ అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టుపక్కల పుట్టుకొచ్చిన కోచింగ్ కేంద్రాల్లో తరగతి కిక్కిరిసి ఉన్నా, సందేహం వస్తే అడగడానికి ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. కరోనా కాలంలో ఆ తరగతుల్లో చాలా భాగం తెర మీదికి మారాయి.

చేరినవారెందరు, చివరిదాకా నిలిచినవారెందరు

2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు కృత్రిమ మేధపై నడిపిన ఉచిత ఆన్‌లైన్ కోర్సులో దాదాపు 1,60,000 మంది నమోదు కావడంతో, ఎందరైనా, ఎక్కడినుంచైనా చేరగల భారీ బహిరంగ కోర్సులకు, అంటే వాడుకలో మూక్‌లుగా పిలిచేవాటికి, ప్రపంచవ్యాప్తంగా ప్రచారం వచ్చింది. మరుసటి ఏడాది కోర్సెరా, ఎడెక్స్ ఆరంభమయ్యాయి. ఆ ఉత్సాహం ఎంతవరకు నిలిచిందో హార్వర్డ్, ఎంఐటీ సంస్థలు ఎడెక్స్‌లో నడిపిన కోర్సుల సమాచారాన్ని పరిశీలించి 2019లో సైన్స్ పత్రికలో వెలువరించిన అధ్యయనం చూపింది. 2017-18లో చేరినవారిలో కోర్సు పూర్తి చేసినవారు 3.13 శాతం మాత్రమే కాగా, రుసుము చెల్లించి ధ్రువపత్రం కోరినవారిలో ఆ వాటా 46 శాతం ఉంది. చేరినవారిలో సగానికి పైగా మొదటి పాఠమైనా తెరవలేదు. డబ్బు కట్టినంత మాత్రాన పట్టుదల పుడుతుందని దీన్నుంచి తేల్చలేం. పట్టుదల ఉన్నవారే డబ్బు కట్టి ఉండవచ్చు. ఒంటరిగా, గడువు లేకుండా, ఎవరికీ జవాబు చెప్పనక్కర లేకుండా చదివే చదువు సగంలో ఆగిపోవడమే సాధారణమని మాత్రం ఈ అంకెలు స్పష్టం చేస్తున్నాయి.

చూసింది గుర్తుండదు, చేసింది ఉంటుంది

పూర్తి చేసినవారికైనా పని వస్తుందా అన్నది దీనికి తరువాతి ప్రశ్న. రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికంటే, ఒకసారి చదివి దాన్ని చూడకుండా గుర్తు చేసుకొని రాసినవారికి వారం తరువాత ఎక్కువ జ్ఞాపకం ఉంది. అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో మాత్రం మళ్లీ చదివినవారిదే పైచేయి. వీడియో పాఠం కలిగించే భ్రమకు మూలం ఇక్కడే ఉంది: ధారాళంగా చెప్పే అధ్యాపకుణ్ని వింటున్నంతసేపు అంతా అర్థమైనట్లే ఉంటుంది, తానుగా చేయవలసి వచ్చినప్పుడే లోటు బయటపడుతుంది.

ఎక్సెల్‌లో పివట్ టేబుల్ అనే సాధనాన్నే తీసుకుంటే, వేల వరుసల వివరాలను ఊరివారీగా, నెలవారీగా కూడి చూపే ఈ పద్ధతిని పావుగంట వీడియోలో నేర్పవచ్చు. ఆ వీడియోలో వాడే పట్టిక శుభ్రంగా ఉంటుంది. కార్యాలయం నుంచి వచ్చే పట్టికలో ఒకే ఊరు ఒకచోట విశాఖపట్నంగా, మరోచోట వైజాగ్‌గా, ఇంకోచోట చివర ఖాళీ జాగా మిగిలిన విశాఖగా ఉండటంతో, పివట్ టేబుల్ దాన్ని మూడు ఊళ్లుగా లెక్కిస్తుంది. 03/04/2024 అన్న తేదీ ఏప్రిల్ మూడో, మార్చి నాలుగో తేలక రెండు నెలల మొత్తాలూ తారుమారవుతాయి. కూడే ముందు వివరాలను సరిచూడాలన్న అలవాటు, అలాంటి పట్టికను ఒకసారి చేతికిచ్చి, తప్పు మొత్తంతో తిరిగొచ్చినప్పుడు కారణం అడిగేవారి దగ్గరే అబ్బుతుంది.

సాఫ్ట్ స్కిల్స్‌గా పిలిచే మాట, రాత, నడవడి నైపుణ్యాల్లో ఈ అవసరం మరింత ఎక్కువ. సరుకు ఆలస్యమైందని ఖాతాదారుకు తెలిపే ఉత్తరంలో కొత్త ఉద్యోగి రెండు పేరాల క్షమాపణలూ కారణాలూ రాసి, సరుకు చేరే తేదీని ఆఖరి వాక్యంలో పెడతాడు. ఆ తేదీని మొదటి వాక్యంలోకి తెచ్చి, కారణాన్ని ఒక్క వరుసకు కుదించి చూపిన సీనియరు, ఉత్తరాల మీద గంట ఉపన్యాసం నేర్పలేనిది నేర్పినట్లే. కృత్రిమ మేధ సాధనాలు వ్యాకరణాన్నీ, మర్యాదనూ సరిచేయగలుగుతున్నా, ఆ ఖాతాదారు ఇదివరకు రెండుసార్లు ఇలాగే నష్టపోయాడన్న సంగతి ఎవరైనా చెప్పకపోతే వాటికి తెలియదు.

గడువు, పరీక్ష: ఎన్‌పీటెల్ పద్ధతి

మన దేశంలో గడువూ, దిద్దుబాటూ లేని ఈ లోటును కొంతవరకు పూడ్చిన నమూనా ఎన్‌పీటెల్. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి 2003లో ఆరంభించిన ఈ కార్యక్రమం, 2014 నుంచి ధ్రువపత్రంతో కూడిన ఆన్‌లైన్ కోర్సులు ఇస్తోంది. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వేదిక స్వయం ద్వారా ఇవి అందుతున్నాయి. పాఠాలు ఉచితం, రుసుము పరీక్షకు మాత్రమే. ప్రతివారం గడువుతో అసైన్‌మెంట్లు ఉంటాయి, తుది పరీక్షను నిర్ణీత కేంద్రానికి వెళ్లి పర్యవేక్షకుల సమక్షంలో రాయాలి. మార్కుల్లో అసైన్‌మెంట్ల వాటా 25 శాతం, పరీక్ష వాటా 75 శాతం. స్వయం కోర్సుల నుంచి పొందగల క్రెడిట్ల పరిమితిని యూజీసీ 2021లో 40 శాతానికి పెంచడంతో, కళాశాలల్లో వీటి ప్రాధాన్యం మరింత పెరిగింది.

ఈ పద్ధతికీ ఒక హద్దుంది. వేలమంది చేరే కోర్సులో అసైన్‌మెంట్లను ఎక్కువగా యంత్రమే దిద్దుతుంది కనుక, సరైన జవాబును గుర్తించడం దాకానే పరీక్షించగలదు. ఐఐటీ కాన్పూర్ నుంచి వచ్చిన సాఫ్ట్ స్కిల్స్, వ్యక్తిత్వ వికాస కోర్సును శ్రద్ధగా విన్న విద్యార్థి మంచి ప్రసంగం లక్షణాలను చెప్పగలడు. అతను ప్రసంగిస్తే విని లోపం చెప్పే ఏర్పాటు కళాశాలే చేయాలి.

ఫీజు వెనుక లెక్క

ప్రైవేటు వేదికల ఆదాయ మార్గాలు చూస్తే దిద్దుబాటు ఎందుకు అరుదో అర్థమవుతుంది. ఒకసారి తీసిన వీడియోను లక్షమంది చూసినా అదనపు ఖర్చు స్వల్పం. అభ్యాసాన్ని దిద్దే మనిషికి మాత్రం ప్రతి విద్యార్థికీ విడిగా వేతనం పడుతుంది. అందుకే నెలవారీ చందా కోర్సులు చౌకగా, కోహార్ట్ పద్ధతిలో, అంటే ఒకే తేదీన చేరిన బృందాన్ని మెంటర్ల సాయంతో ముందుకు నడిపే పద్ధతిలో సాగేవి ఖరీదుగా ఉంటాయి. ఖరీదైన వాటిలో ఫీజును వాయిదాలుగా చూపినా, చాలాసార్లు అది విద్యార్థి పేర తీసుకున్న రుణమే; కోర్సు మధ్యలో మానినా ఆ కిస్తీలు ఆగకపోవచ్చు. ఎడ్‌టెక్ సంస్థల విషయంలో ఆటో డెబిట్ అనుమతులు, తెలియకుండా మీదపడే రుణాల పట్ల జాగ్రత్త వహించాలని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే హెచ్చరించింది.

చేరే ముందు

ఫీజు కట్టే ముందు నాలుగు విషయాలు రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అభ్యాసాలను దిద్దేది మనిషా, యంత్రమా. మనిషైతే ఎన్ని రోజుల్లో తిప్పి పంపుతారు. ఒక్కో మెంటరు కింద ఎందరు ఉంటారు. మధ్యలో మానితే డబ్బు సంగతేమిటి? వీటికి సూటిగా జవాబు రాని చోట ఉద్యోగం గ్యారంటీ అన్న ప్రకటనకు విలువ ఇవ్వనక్కర లేదు.

సంస్థలూ, కళాశాలలూ చేయవలసింది ఇంకా ఉంది. కోర్సుల లైసెన్సులను మూకుమ్మడిగా కొని, ఎందరు పూర్తి చేశారన్న పట్టికను పై అధికారులకు పంపడంతో శిక్షణ ముగిసినట్లు భావించే బదులు, ఆ ఖర్చులో కొంత తగ్గించి, అనుభవమున్న ఉద్యోగికి లేదా అధ్యాపకుడికి వారానికి రెండు గంటలు దిద్దే పనికే కేటాయించి, ఆ గంటలను అతని పనిభారంలో లెక్కగట్టాలి. పాఠాలు ఇప్పటికే సరిపడా ఉన్నాయి. కొత్తగా పెట్టే ప్రతి రూపాయీ దిద్దేవారి సమయానికి వెళ్లాలి.