తాళము తీయని విమానము

విమానప్రయాణ మనగానే మనకు తోచునది టిక్కెట్టు కొని, నిర్ణీతకాలమునకు బయలుదేరు పెద్ద విమానము. దానికి భిన్నమైన విమానయానము మరియొకటి కలదు. కంపెనీలవారు, పారిశ్రామికులు, ప్రభుత్వములు తమ పనుల నిమిత్తము చిన్న జెట్టు విమానములను, హెలికాప్టర్లను ఉంచుకొనుట మనము వినుచునే యున్నాము. వీనికి కాలపట్టిక లేదు. యజమాని రమ్మన్నపుడు వచ్చును, పొమ్మన్న చోటికి పోవును. ప్రయాణికులు పట్టుమని పదిమంది. నడపువారు సామాన్యముగా ఇరువురు. ఈ పద్ధతికే బిజినెస్ ఏవియేషన్ అని పేరు. ఈ పైలట్లు ఏ నియమములను పాటింతురు, ఎట్టి శిక్షణ పొందుదురు, ఆ నియమములు ఎచ్చట చేజారిపోవును అను విషయమును నేడు ముచ్చటింతము.

పెద్ద విమానసంస్థలో పైలటు ఒంటరివాడు కాడు. వాతావరణము చూచి చెప్పువారు, ఇంధనము లెక్కకట్టువారు, సామాను తూచువారు, శిక్షణ నడపువారు, ఇట్లు ప్రతి పనికి ఒక శాఖ కలదు. చిన్న విమానమున ఈ భారము చాలమట్టుకు ఆ ఇరువురిపైననే పడును. దారి నిర్ణయించుట, ఇంధనము చూచుకొనుట, ఒక్కొక్కప్పుడు ప్రయాణికుల పెట్టెలు ఎక్కించుట సైతము వారి పనియే. వారు పొరపడినచో పట్టుకొనుటకు మూడవ మనిషి లేడు. కావుననే వ్రాతలో నున్న నియమమే వారికి మూడవ మనిషి కావలెను.

ఈ మాట యెంత నిజమో తెలియుటకు ఒక చిన్న పరికరమును గూర్చి చెప్పవలసియున్నది. విమానపు రెక్కలకును తోకకును కదలెడి పలకలు కొన్ని యుండును. పైలటు వానిని కదల్చియే విమానమును పైకెత్తును, దించును, ప్రక్కలకు మరల్చును. నిలిపియుంచిన విమానమునకు ఈదురుగాలి తగిలినపుడు ఈ పలకలు అటునిటు కొట్టుకొని చెడిపోవచ్చును. గాలికి కొట్టుకొనకుండ కిటికీతలుపులకు కొక్కెము తగిలించినట్లే, ఈ పలకలు కదలకుండ ఒక బిగింపును అమర్తురు. దానిని మనము గాలితాళ మందము. దిగి పోవునపుడు దానిని వేయవలెను; బయలుదేరుటకు ముందు తీయవలెను. ఇంతకంటె సులువైన పని విమానమున మరియొకటి లేదేమో!

1935 అక్టోబరు 30వ తేదీన, అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి డేటన్ నగరమునకు చేరువనున్న రైట్ ఫీల్డు అను సైనిక విమానాశ్రయమున, బోయింగు కంపెనీవారి మోడల్ 299 అను క్రొత్త విమానమును పరీక్షింపబూనిరి. నాలుగు ఇంజన్ల విమానము. నడపినవాడు మేజర్ ప్లాయర్ హిల్, మిక్కిలి అనుభవముగల సైనిక పైలటు. విమానము నేల విడిచి, నిటారుగా పైకి లేచి, పట్టుతప్పి కూలి, మంటల పాలయ్యెను. హిల్, బోయింగు కంపెనీ పైలటు లెస్లీ టవర్ మరణించిరి. విచారింపగా యంత్రమున లోపమేమియు కానరాలేదు. గాలితాళము తీయుట మరచిరి!

దీనికి సైనిక పైలట్లు కనిపెట్టిన మందు క్రొత్త యంత్రము కాదు, ఒక కాగితము. బయలుదేరుటకు ముందు ఏమేమి చూడవలెను, లేచుటకు ముందు ఏమేమి, దిగుటకు ముందు ఏమేమి అని వరుసగా వ్రాసికొనిరి. దానినే చెక్ లిస్టు అందురు. కూలిన ఆ నమూనానుండియే బి-17 అను ప్రసిద్ధ విమానము రూపొందినది. అట్టివానిని పండ్రెండువేలకు పైగా నిర్మించిరి.

ఈ పట్టికను చదువుటకు ఒక మర్యాద కలదు. పెండ్లివారి యింట సామానుల పట్టీని ఒక పెద్ద బిగ్గరగా చదువుచుండ, రెండవవారు ఒక్కొక్క వస్తువును చేతితో తాకి ‘ఉన్నది’ అని పలుకుదురు గదా. విమానమునను అట్లే. ఒకరు చదువుదురు, మరియొకరు మీటను ముట్టి, చూచి, బదులు పలుకుదురు. మనసులో చదువుకొనుట చదువుట కాదు. చూడక ‘ఉన్నది’ అనుట జవాబు కాదు. పట్టికలో ఒక పద్దు ఇది: చుక్కానిపిడిని ఈ కొననుండి ఆ కొనవరకు కదిపి, పలకలు స్వేచ్ఛగా కదలుచున్నవో లేవో చూడవలెను. తాళము పడియున్నచో పిడి కదలదు. కొన్ని క్షణముల పని.

ఇక 2014 మే 31వ తేదీ రాత్రి సంగతి. అమెరికాలో మాసచూసెట్సు రాష్ట్రమందలి బెడ్‌ఫర్డు విమానాశ్రయమునుండి గల్ఫ్‌స్ట్రీమ్ జి-4 అను వ్యాపార జెట్టు బయలుదేరినది. పైలట్లిరువురు ఏండ్ల తరబడి కలిసి నడపినవారు, ఒకరి పద్ధతి ఒకరికి క్షుణ్ణముగా తెలిసినవారు. ఇంజన్లు నడిపించిరి, రన్‌వే చేరిరి, పరుగు ప్రారంభించిరి. గాలితాళము పడియేయున్నది. పరుగు నడుమ ‘తాళము వేసియున్నది’ అని పైలటు అనుట రికార్డున వినవచ్చినది. ఆ మాట పుట్టిన 11 సెకండ్లలోగా ఆపబూనినచో విమానము రన్‌వే భాగముననే నిలిచియుండెడిదని విచారణలో తేలినది. కాని బ్రేకులు పడుటకే సుమారు 10 సెకండ్లు పట్టెను. ఇంజన్ల బలము తగ్గించుటకు మరి నాలుగు సెకండ్లు. విమానము హద్దు దాటి, కంచె త్రెంచుకొని, వాగుగట్టున దగ్ధమయ్యెను. ఏడుగురిలో ఒక్కరును దక్కలేదు.

డెబ్బదితొమ్మిది సంవత్సరముల యెడముతో అదే తాళము, అదే మరపు. అయినను ఈ రెంటికిని ఒక భేదము కలదు. 1935లో పట్టిక లేదు. 2014లో పట్టిక యున్నది, చదువలేదు. ఆ ఒక్క రాత్రి చదువకపోవుట కాదు. విమానమున నున్న యొక నమోదుయంత్రమును విప్పి చూడగా, అంతకు ముందరి 175 పర్యాయములలో నూటికి 98 సారులు పలకలను పూర్తిగా కదిపి చూడకయే లేచినట్లు బయటపడెను. నియమమును విడిచిన ప్రతిసారి క్షేమముగా దిగిరి. క్షేమముగా దిగిన ప్రతిసారి నియమముతో పనిలేదను నమ్మకము మరికొంత పెరిగెను.

ఇది ఆ యిరువురి దోషము మాత్రమే యని త్రోసివేయుటకు వీలులేదు. పిమ్మట అమెరికాలోని వ్యాపార విమానయాన సంఘమువారు 2013 మొదలు 2015 వరకు జరిగిన 1,43,756 ప్రయాణముల నమోదులను పరిశీలించిరి. వానిలో నూటికి సుమారు 18 ప్రయాణములందు ఈ పరీక్ష అరకొరగానో, బొత్తిగా లేకయో జరిగినది. నేర్పు పెరిగినకొలది పట్టికయెడ గౌరవము తగ్గుట మానవస్వభావ మనుకొనవలెను. క్రొత్తగా వంట నేర్చిన పిల్ల ఉప్పు రెండుమారులు చూచును. చేయితిరిగిన యామె చూడదు. కూరలో ఉప్పు తప్పినచో మరునాడు దిద్దుకొనవచ్చును. విమానమున మరునాడు లేదు.

శిక్షణయొక్క ప్రయోజన మిచ్చటనే. 1929లో న్యూయార్కు రాష్ట్రమందలి బింగ్‌హాంటన్ పట్టణమున ఎడ్విన్ లింక్ అనునతడు, తన తండ్రి నడపుచుండిన పియానో, ఆర్గను వాద్యముల కర్మాగారమున, గాలితిత్తులతో కదలెడి చిన్న బొమ్మవిమానమును నిర్మించెను. మన హార్మోనియమునందలి తిత్తులవంటివే అవి. నేలపై కూర్చుండియే ఆకాశవిద్య నేర్చుట కది నాంది. నేటి సిమ్యులేటరు నిజమైన కాక్‌పిట్టునకు అచ్చుగ్రుద్దినట్లుండి, కుదుపు, చీకటి, పొగమంచు, ఇంజను చెడుట మున్నగు వానినన్నిటిని కల్పించును. వ్యాపార విమానముల పైలట్లు నియతకాలమున కొకసారి ఇందు కూర్చుండి పరీక్ష ఈయవలెను. అచ్చట నేర్చునది ఎగురుట మాత్రమే కాదు, ఎగురకుండుట. పరుగు తొలిదశలో సందేహము పొడసూపిన తక్షణము తర్కింపక ఆపుట, దిగునపుడు వేగము, దిగుదల కుదరనిచో మొగమాటపడక మరల పైకి లేచుట, ఈ రెండును చేతికి అలవడువరకు అభ్యసింతురు.

మొగమాట మంటిమి, ఆ మాట ఊరక వాడలేదు. ఈ విమానములందు ప్రయాణికుడే యజమాని, లేదా యజమాని వంటివాడు. పైలటు జీత మతని చేతిలో నున్నది. 2001 మార్చి 29వ తేదీన లాస్ ఏంజెలెసునుండి కొలరాడో కొండలలోని ఆస్పెన్ పట్టణమునకు బాడుగకు వచ్చిన యొక జెట్టు, మంచుకురియు సంధ్యవేళ, రన్‌వే కానరాకున్నను దిగరాని యెత్తునకు దిగి, కొండవాలున కూలెను. పదునెనిమిదిమంది మరణించిరి. ప్రయాణము ఆలస్యమగుట, చీకటిపడిన పిమ్మట దిగుటకు అచ్చట నిషేధముండుట, ఎట్లయినను ఆస్పెన్‌లోనే దింపవలెనని బాడుగకు తీసికొన్నవారు పట్టుపట్టుట, ఇవి పైలటుపై ఒత్తిడి తెచ్చినవని విచారణాధికారులు పేర్కొనిరి.

మన తెలుగువారికి ఈ విషయము దూరపు సంగతి కాదు. 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయమున హైదరాబాదునుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన ప్రభుత్వ హెలికాప్టరు నల్లమల అడవులలో కూలి, అప్పటి ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డిగారితో సహా ఐదుగురు మరణించిరి. హెలికాప్టరు తీవ్రమైన మేఘవాతావరణమున జొచ్చి, బలమైన క్రిందిగాలికి లోనైనదని విచారణ సంఘము తేల్చెను. దానితో పాటు మరియొక అంశమును గుర్తించెను. ప్రయాణము నడుమ గేరుపెట్టె చమురును గూర్చిన హెచ్చరిక కనబడగా, దాని పరిష్కారమును పుస్తకమున వెదకుటలో పైలట్ల దృష్టి నిమగ్నమైనదట. ఇట్టి సమయమునకే ఒక నియమము కలదు: ఏ చిక్కు వచ్చినను ఒకరు చిక్కును చూడవలెను, రెండవవారు నడపుట తప్ప మరి దేనిని చూడరాదు. చెప్పుటకు తేలిక, ఎఱ్ఱదీపము వెలిగినపుడు పాటించుట కష్టము. కనుకనే మరల మరల అభ్యాసము.

ఇపుడు తెలివిగల సంస్థలు వేరొక పద్ధతిని అవలంబించుచున్నవి. నమోదుయంత్రమును ప్రమాదము జరిగిన పిమ్మట విప్పుటకు మారుగా, క్షేమముగా దిగిన ప్రయాణముల నమోదులను అప్పుడప్పుడు చదువుచున్నవి. ఏ నియమము ఎచ్చట సన్నగిల్లుచున్నదో ముందుగనే తెలియును. పైలట్లను శిక్షించుట కాదు, తిరిగి అలవాటు చేయుట దీని ఉద్దేశము. బెడ్‌ఫర్డు విమానముయొక్క 175 పర్యాయముల లెక్క ఆ రాత్రికి ముందే ఒకరి కంటబడినచో ఏడుగురు దక్కియుందురేమో.

మనలో చిన్న విమాన మెక్కువారు కొలదిమందియే. అయినను పైలటు పట్టిక చదువుచున్నపుడు పలుకరింపకుండుట, ‘నేడు వీలుపడదు, వేరొక ఊరున దిగుదము’ అని యతడు చెప్పినపుడు ‘సరే’ యనుట ఎక్కినవారి వంతు. ఆ ‘సరే’ అను మాట వెంటనే వచ్చునని నమ్మకము కలిగినచో పైలటు నిర్భయముగా నిజము చెప్పగలడు. కారు నడపువానిని త్వరపెట్టు మనకును ఈ మాట వర్తింపకపోదు.