పాత బండికి గేరు ఎందుకు సరిగ్గా పడదు?

రాయచూరు జిల్లా జాలహళ్ళి లాంటి ఊళ్ళలో పాత బైకులకు ఒక్కోసారి ఎంత తొక్కినా గేరు పడదు. లోపల గేర్లు అరిగిపోయాయా? ప్రతిసారీ అలా ఉండదు! తప్పు బయటే ఉండొచ్చు.

చాలా బైకుల్లో పెడల్ కదిలితే ఒక సన్నని కడ్డీ కదులుతుంది. అది ఇంజనులోంచి బయటికి వచ్చిన ఇరుసును తిప్పుతుంది. అప్పుడే లోపల గేరు మారుతుంది. అన్ని బళ్ళకూ ఈ కడ్డీ ఉండదు. 1996 దాకా మైసూరులో తయారైన పాత యెజ్డీలో కిక్కుకూ గేరుకూ ఒకటే పెడల్!

కడ్డీ చివర్లలో చిన్న కీళ్ళుంటాయి. దుమ్ము గ్రీజులో కలిస్తే గరుకుకాగితంలా వాటిని అరగదీస్తుంది. కీలు వదులవుతుంది. ఒక్కో కీలు దగ్గర 2 మిల్లీమీటర్ల కదలిక పోతే, రెండు చివర్లా కలిపి 4 మిల్లీమీటర్లు వృథా! కాలు కదిలినా ఇరుసు పూర్తిగా తిరగదు.

మరి బాగుచేయడం ఎలా? మెకానిక్ ఇంజను ఆపి, పెడల్‌ను చేత్తో మెల్లగా ఆడిస్తాడు. ఎక్కడ లొడలొడమంటుందో అక్కడి కీలు మారుస్తాడు. కడ్డీని ఇరుసుమీది పళ్ళకు కలిపే ముక్క బోల్టు వదులైతే బిగిస్తాడు. ఆ ముక్కలోని పళ్ళే అరిగితే దాన్ని మార్చాల్సిందే. చివరగా కడ్డీ పొడవు సరిచేసి, నట్లు బిగించి, కొత్త గ్రీజు పూస్తాడు.

మీ ఇంట్లో బండి కడిగేటప్పుడు ఆ కీళ్ళను శుభ్రంగా తుడవమని పెద్దవాళ్ళకు చెప్పండి. అవి ఎక్కువకాలం మన్నుతాయి.