ఇంటి వెనక చెరువు ఎందుకుంది?

హ్యూస్టన్ చుట్టుపక్కల కొత్త సబ్‌డివిజన్‌లో ఇల్లు చూడబోతే సేల్స్ ఆఫీసువాళ్ళు ముందు చూపించేది "లేక్ వ్యూ" లాట్లే. ధరా ఎక్కువే. ఆ లేక్ చాలాచోట్ల నిజానికి డిటెన్షన్ పాండ్. అందం కోసం తవ్వింది కాదు.

ఎకరం నేల మీద అంగుళం వాన పడితే సుమారు 27 వేల గ్యాలన్ల నీళ్ళు. గడ్డినేల ఉన్నప్పుడు కొంత ఇంకి, మిగతాది నిదానంగా పారేది. ఇళ్ళు, డ్రైవ్‌వేలు, రోడ్లు వచ్చాక అంతా ఒక్కసారే బయూలోకి పరుగెడుతుంది. పిల్లలూ, సింకులో బకెట్ నీళ్ళు గుమ్మరించి చూడండి. సింకు నిండుతుంది గానీ, కింది గొట్టంలోంచి పట్టినన్నే పోతాయి. పాండ్ చేసేదీ అదే. కాబట్టి అందులో ఖాళీ కనిపిస్తే స్థలం వృథా అనుకోకండి. వచ్చే వానకి కావలసింది ఆ ఖాళీయే.

అయితే ఎవరి పాండ్ వారు తవ్వుకుంటే సరిపోదు. దిగువన ఆపి ఆలస్యంగా వదిలిన నీళ్ళు, ఎగువ నుంచి వచ్చే వరదతో సరిగ్గా అప్పుడే కలిస్తే ముంపు పెరగనూవచ్చు. బయూలోకి నీరు చేరే ప్రాంతమంతటికీ కలిపి లెక్క కట్టాలి.

1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారి సలహాతో హైదరాబాద్ ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. హ్యూస్టన్‌కీ అలాంటి జంట ఉంది. 1929, 1935 వరదల తర్వాత, 1940లలో ఆర్మీ ఇంజనీర్లు కట్టిన బార్కర్, ఆడిక్స్. కాకపోతే ఇవి మామూలు రోజుల్లో పొడిగా, పార్కులుగా ఉంటాయి. పూర్తిగా నిండితే మునిగే నేలంతా ప్రభుత్వం కొనలేదు. మిగిలినచోట ఇళ్ళు లేచాయి. 2017 ఆగస్టులో హార్వీ తుఫానుకి ఎగువన వేల ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. గేట్లు తెరిస్తే దిగువన బఫెలో బయూ పక్క ఇళ్ళూ మునిగాయి. ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని సబ్‌డివిజన్ల ప్లాట్ పటాల మీద ఆ ముంపు సంగతి ముందే రాసి ఉంది! క్లోజింగ్ రోజు అన్ని సంతకాలు పెట్టే హడావిడిలో ఆ పటం అడిగి చూసేదెవరు? ఎగువ ఇళ్ళ నష్టానికి ప్రభుత్వానిదే బాధ్యత అని 2019లో ఫెడరల్ కోర్టు చెప్పింది.

2018లో వాన లెక్కలూ మారాయి. హ్యూస్టన్‌లో 24 గంటల "వందేళ్ళ వాన" సుమారు 13 అంగుళాల నుంచి 17, 18 దాకా పెరిగింది. పాత పాండ్లు పాత లెక్కకి తవ్వినవి. వందేళ్ళ వాన అంటే వందేళ్ళకోసారి అని కాదు, ఏ ఏడైనా నూటికి ఒక వంతు అవకాశం. 30 ఏళ్ళ మార్ట్‌గేజ్ తీరేలోగా ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26.

వాస్తు, స్కూల్ రేటింగు చూసే మనం ప్లాట్ పటం, ఫ్లడ్ మ్యాపూ చూడాలి. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరదకి వర్తించదు. ప్రభుత్వ వరద బీమా సాధారణంగా తీసుకున్న 30 రోజులకిగానీ అమలులోకి రాదు. హెచ్‌ఓఏ మీటింగులో పాండ్ గొట్టానికి అడ్డంపడ్డ చెత్త, పూడిక ఎవరు తీయిస్తున్నారో అడగండి. వానరోజున పిల్లల్ని మాత్రం ఆ గొట్టం దరిదాపులకి పోనివ్వకండి. పైన నీళ్ళు కదలనట్టే ఉంటాయి గానీ, లోపల లాగుడు పెద్దవాళ్ళకే ఆగదు.